రక్తకన్నీరు: రోగమూ, దాంపత్యమూ
(ఒక సైన్సు విద్యార్థి పరిశీలన)

మన తాతల తరంలో 'రక్తకన్నీరు' నాటకం పేరు వినని తెలుగువారు లేరంటే అతిశయోక్తి కాదు. తమిళంలో తిరువారూర్ కె. తంగరాజు రాసిన ఈ నాటకాన్ని ఎం.ఆర్. రాధా ఊరూరా ఆడారు. 1954లో కృష్ణన్-పంజు దర్శకత్వంలో ఆయనే కథానాయకుడుగా అది సినిమాగా కూడా వచ్చింది. తెలుగులో పాలగుమ్మి పద్మరాజు గారి కలం నుంచి వచ్చి, నాగభూషణం గారి నోట పడి, దశాబ్దాల తరబడి కొన్ని వేల ప్రదర్శనలు చూసింది. చివరికి నాటకం పేరే ఆయనకు ఇంటిపేరయింది. 1995లో ఆయన పోయినప్పుడు కూడా జనం 'రక్తకన్నీరు నాగభూషణం' అనే చెప్పుకున్నారు. సినిమాల్లో ఆయన వేసిన విలన్ వేషాలు అన్నీ ఇన్నీ కావు. అయినా జనం గుర్తు పెట్టుకున్నది ఈ ఒక్క కుష్ఠురోగి వేషాన్నే.

మా తాతయ్య ఈ నాటకం రెండుసార్లు చూశాడు. మా పామిడిముక్కల నుంచి ఎడ్లబండి కట్టుకుని, చెరుకు తోలినట్టే, ఉయ్యూరు వెళ్ళి చూశాడట. కథ ఏమిటని అడిగితే ముందు డైలాగులు చెబుతాడు. ఆనాటి మంత్రులమీద, మోతుబరులమీద నాగభూషణం అప్పటికప్పుడు వేసిన చురకలు చెప్పి నవ్వుతాడు. ఆ తరవాత ఉన్నట్టుండి గొంతు తగ్గించి, "చివర్న ముసుగు కప్పుకుని కూలబడి అడుక్కుంటుంటే ఆడాళ్ళు ఏడ్చేసేవాళ్ళురా" అంటాడు. ఆ రాత్రి తిరిగి వచ్చేటప్పుడు బండిలో ఎవరూ మాట్లాడలేదట. లాకు దగ్గర ఆపి కాళ్ళూ చేతులూ కడుక్కున్నాకనే బండి ఊళ్ళోకి తోలారట. నాటకం చూసినందుకు కాళ్ళు కడుక్కోవడమేమిటని నాకు నవ్వు వచ్చింది గాని, తరవాత ఆలోచిస్తే నేను రాయవలసిన వ్యాసం అంతా ఆ కాళ్ళు కడుక్కోవడంలోనే ఉందనిపించింది.

నేను నాటక విద్యార్థిని కాను. బి.ఎస్సీ.లో జంతుశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం చదువుతున్నాను. కనుక ఈ నాటకంలోని నటనను గురించి గాని, సంభాషణల సొగసును గురించి గాని చెప్పే అర్హత నాకు లేదు. నేను చూడదలచుకున్నది రెండే విషయాలు. ఇందులోని రోగం శాస్త్రప్రకారం సరిగ్గా ఉన్నదా? ఆ రోగం మధ్యలో పడి నలిగిన పెళ్ళి ఏమయింది?

ముందు కథ. తెలియని తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చాలామంది ఉంటారు కనుక మూలకథను టూకీగా చెబుతాను. విదేశాల్లో చదివి వచ్చిన ధనవంతుడి బిడ్డ. తల్లి మాటంటే లెక్కలేదు, దేశమంటే వెటకారం. పల్లెటూరి పిల్లను పెళ్ళి చేసుకుంటాడు గాని మనసంతా కాంత అనే వేశ్యమీద. ఆస్తి కరిగిపోతుంది. తల్లి మరణం కూడా అతనికి పట్టదు. అప్పుడు వస్తుంది కుష్ఠురోగం. చూపు పోతుంది. ఎవరి కోసం సర్వం ధారపోశాడో ఆ కాంతే మెడపట్టి గెంటిస్తుంది. వీధిలో బిచ్చగాడై తిరుగుతూ చివరికి భార్యనూ, స్నేహితుణ్ణీ కలుసుకుంటాడు. తన భార్యను ఆ స్నేహితుడే పెళ్ళి చేసుకోవాలని పట్టుపడతాడు. తనలాంటివాళ్ళకు హెచ్చరికగా, ఈ రోగిరూపంలోనే తన బొమ్మ నిలబెట్టమంటాడు.

రోగం సంగతి చూద్దాం. నాటకం చూసిన ఎవరినైనా అడగండి, అతనికి ఆ జబ్బు ఎందుకొచ్చిందంటే "తిరుగుళ్ళ వల్ల" అంటారు. ఇదే మొదటి పొరపాటు. తిరుగుళ్ళ వల్ల వచ్చేవి సుఖరోగాలు. వాటి క్రిములు వేరు, దారి వేరు. కుష్ఠుకు కారణమైన మైకోబాక్టీరియం లెప్రే అనే కడ్డీలాంటి సూక్ష్మజీవిని 1873లో నార్వే దేశపు బెర్గెన్ పట్టణంలో గెర్హార్డ్ ఆర్మవర్ హాన్సెన్ అనే వైద్యుడు కనుగొన్నాడు. అంటే నాటకం పుట్టడానికి ఎంతో ముందే ఇది పాపం వల్లా, రక్తదోషం వల్లా, వంశం వల్లా వచ్చేది కాదని లోకానికి తెలిసిపోయింది. మందు తీసుకోని రోగి ముక్కు నుంచీ నోటి నుంచీ వెలువడే తుంపరల ద్వారా, చాలా కాలం దగ్గరగా మెలిగినవారికి ఇది సోకుతుంది. సోకినా నూటికి తొంభై అయిదు మందిలో ఏమీ జరగదు. వాళ్ళ శరీరమే దాన్ని అణచివేస్తుంది. అంటువ్యాధులన్నిటిలో ఇంత చేతగాని అంటువ్యాధి మరొకటి ఉంటుందా అనిపిస్తుంది.

ఈ సూక్ష్మజీవి నడక చాలా నెమ్మది. రాత్రి పాలలో తోడు వేస్తే తెల్లవారేసరికి పెరుగు అవుతుంది కదా! ఆ పెరుగు చేసే జీవులు గంటకో, గంటన్నరకో రెట్టింపవుతూ ఉంటాయి. మన పేగుల్లోని ఇ. కోలై అయితే ఇరవై నిమిషాలకే రెట్టింపవుతుంది. ఈ కుష్ఠు జీవికి మాత్రం ఒకటి రెండు కావడానికి 12 నుంచి 14 రోజులు కావాలి. అందుచేత రోగలక్షణం బయటపడడానికి సగటున అయిదేళ్ళు, ఒక్కోసారి ఇరవై ఏళ్ళు కూడా పడుతుంది. ఇప్పుడు మన కథానాయకుడి సంగతి ఆలోచించండి. అతను కాంత గుమ్మం తొక్కేనాటికి ఆ జీవి అతని ఒంట్లో అప్పటికే కాపురం పెట్టి ఉండే అవకాశమే ఎక్కువ. చిన్ననాడు ఏ దాది చంకలోనో, ఏ పాలేరు పక్కనో పడుకున్నప్పుడు సోకి ఉండవచ్చు. కాంత చేసిన పాపాలు ఎన్నైనా ఉండనివ్వండి, ఈ ఒక్కటి మాత్రం ఆమె నెత్తిన పెట్టడం అన్యాయం.

మరో చిత్రమైన సంగతి. దీన్ని ప్రయోగశాలలో పళ్ళెం మీద పెంచడం ఈ నాటికీ ఎవరివల్లా కాలేదు. 1960లో ఎలుక పాదంలో పెంచగలిగారు. 1971లో అర్మడిల్లో అనే అమెరికా జంతువులో పెంచారు. దాని ఒళ్ళు చల్లన కనుక అక్కడ బాగా పెరిగింది. 2001లో దీని జన్యుపటం చదివితే, పనిచేసే జన్యువులు సగం కూడా లేవని తేలింది. సొంతంగా బతకడం మరచిపోయిన జీవి అన్నమాట. దీనికి చల్లదనం ఇష్టం. అందుకే గుండె, కాలేయం వదిలేసి చర్మం, ముక్కు, చెవి తమ్మెలు, కంటి ముందుభాగం, చర్మానికి దగ్గరగా పోయే నరాలు - వీటిని పట్టుకుంటుంది. మోచేతి వెనుక ఏదైనా తగిలితే చిటికెన వేలిదాకా జివ్వుమంటుందే, ఆ నరం దీనికి మహా ఇష్టం. అది దెబ్బ తిన్నప్పుడు వేళ్ళు కొంకర్లు పోతాయి.

రోగి వేషానికి వేళ్ళకు గుడ్డలు చుట్టడం, మూతి వంకర పెట్టడం మామూలు. కుష్ఠు వస్తే వేళ్ళు కుళ్ళి రాలిపోతాయని మన ఊళ్ళలో నమ్మకం. నిజానికి ఈ జీవి వేళ్ళను తినదు. నరం చచ్చి స్పర్శ పోతుంది. స్పర్శ పోతే నొప్పి ఉండదు. నొప్పి లేకపోతే కాలిలో ముల్లు దిగినా తెలియదు, వేడి గిన్నె పట్టుకున్నా తెలియదు. పుండు పడుతుంది, చీము పడుతుంది, ఎముక అరుగుతుంది. వెల్లూరులో పనిచేసిన పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు 1940ల చివరలో ఈ సంగతి పట్టుకున్నాడు. తన రోగుల్లో కొందరికి రాత్రికి రాత్రి వేలి ముక్క మాయమవుతోంది! కాపలా వేసి చూస్తే, నిద్రలో ఎలుకలు కొరుక్కుపోతున్నాయని తేలింది. నొప్పి తెలియదు కనుక మనిషి లేవడు. అప్పటినుంచి ఇంటికి వెళ్ళే రోగికి ఒక పిల్లిని ఇచ్చి పంపేవారట. ధాన్యం గాదెల పక్కన పడుకునే మన కృష్ణా డెల్టా వాళ్ళకు ఈ ముక్క వేరే విడమరచి చెప్పనక్కరలేదు. బ్రాండ్ వంకరపోయిన వేళ్ళకు పనిచేసే కండరపు స్నాయువును మళ్ళించి కుట్టే శస్త్రచికిత్స చేసి ఎందరికో చేతులు తిరిగి ఇచ్చాడు.

కళ్ళు పోవడం మాత్రం నాటకంలో నిజానికి దగ్గరగా ఉంది. రెప్ప మూసే నరం చచ్చుబడితే కన్ను తెరుచుకునే ఉండిపోతుంది. నలక పడినా తెలియదు. అలా చూపు పోయినవారు పాతకాలంలో చాలామంది.

మందు మాటకు వస్తే, మన తెలుగునాట డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండ్ వైద్యురాలు కుష్ఠురోగుల కోసం నెలకొల్పిన ఆసుపత్రి 1915 నాటిది. నర్సాగౌడ్ అనే దాత స్థలం ఇచ్చాడు. అప్పటికి ఉన్నది చాల్‌మూగ్రా జాతి గింజల నూనె ఒక్కటే. దాన్ని సూదితో ఒంట్లోకి ఎక్కించేవారు. సూదిపోటు నరకం, గుణం అంతంతమాత్రం. 1940లలో డాప్సోన్ మాత్ర వచ్చింది. చవక, నోటితో మింగేది. ఇక గట్టెక్కామనుకున్నారు. కాని ఒక్క మందే ఏళ్ళ తరబడి వాడేసరికి సూక్ష్మజీవి దానికి అలవాటు పడిపోయింది. వరిమీద సుడిదోమకు ఒకే మందు వరుసగా కొడితే ఏమవుతుందో మా నాన్నను అడగండి, చెబుతాడు. అదే ఇక్కడా జరిగింది. దాంతో 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్, డాప్సోన్ - మూడూ కలిపి ఇవ్వాలన్నారు. దీనినే బహుళ ఔషధ చికిత్స అంటున్నాం. తక్కువ మచ్చలుంటే ఆరు నెలలు, అయిదుకు మించి మచ్చలుంటే పన్నెండు నెలలు. జబ్బు నయమవుతుంది. నయమవుతుందంటే మామూలు మాటగా కాదు, నిజంగా పూర్తిగా నయమవుతుంది. మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఆ మనిషి వల్ల ఇంకొకరికి సోకే భయం పోతుంది. మాత్రలు ప్రపంచమంతటా 1995 నుంచీ ఉచితం.

మన దేశంలో 1955లో మొదలైన నియంత్రణ పథకం 1983లో నిర్మూలన పథకంగా మారింది. 2005 చివరికి దేశం మొత్తం మీద పదివేల మందికి ఒక్క రోగి కంటే తగ్గింది. ఆ వార్త విని కుష్ఠు పోయిందనుకున్నవాళ్ళే ఎక్కువ. పోలేదు. ప్రపంచంలో 2023లో కొత్తగా బయటపడిన 1,82,815 మందిలో సగానికి పైగా మన భారతీయులే.

ఇక అసలు విషయం, పెళ్ళి.

రోగిష్టి భర్త, ఆరోగ్యవతి అయిన భార్య - ఈ కథ మనకు కొత్తది కాదు. రక్తకన్నీరు కంటే ఎన్నో వందల ఏళ్ళ ముందు మార్కండేయ పురాణంలో కౌశికుడి కథ ఉంది. మన హరికథల్లోనూ సినిమాల్లోనూ సుమతిగా పేరుపడిన ఇల్లాలు కుష్ఠురోగి అయిన మొగుణ్ణి భుజాన వేసుకుని, అతను కోరిన వేశ్య ఇంటికే మోసుకుపోతుంది. దారిలో కొరతమీద ఉన్న మాండవ్యుడికి కాలు తగిలి, సూర్యోదయానికి చస్తావని శాపం వస్తుంది. సుమతి సూర్యుణ్ణే లేవవద్దంటుంది. చివరికి అనసూయ వచ్చి సర్దుతుంది. మొగుడు ఆరోగ్యవంతుడవుతాడు. కుష్ఠూ, వేశ్యా, పతివ్రతా - మూడూ రక్తకన్నీరులో ఉన్నవే. నాటక రచయిత చేసిన మార్పు ఒక్కటే, కాని అది చాలా పెద్దది. సుమతి మోస్తుంది. ఇక్కడ మాత్రం భర్తే, "నన్ను మోయకు, నీ దారి నువ్వు చూసుకో" అని భార్యకు వేరే పెళ్ళి చేస్తాడు. 1954లో తెరమీద ఆ మాట అనడం సామాన్యం కాదు. హిందూ వివాహ చట్టం వచ్చింది ఆ మరుసటి సంవత్సరం! ఎం.ఆర్. రాధా పెరియార్ అనుచరుడన్న సంగతి గుర్తుంటే ఆ ముగింపు ఎక్కడినుంచి వచ్చిందో అర్థమవుతుంది. రోగం విషయంలో నాటకం వెనకబడి ఉంటే ఉండనివ్వండి, దాంపత్యం విషయంలో తన కాలానికి ముందే నడిచింది.

అయితే నాకొక సందేహం. పురాణంలోనూ, నాటకంలోనూ రోగి మగవాడే. ఆడదానికి ఆ జబ్బు వస్తే? భార్యను భుజాన వేసుకుని నడిచిన మొగుడి కథ ఏ పురాణంలో ఉంది? మా ఇంట్లో రాత్రి భోజనాల వేళ నడిచే టీవీ సీరియళ్ళలో ఏడాదికోసారైనా ఎవరో ఒకరికి పేరు చెప్పని పెద్దజబ్బు వస్తుంది. మొగుడికొస్తే పెళ్ళాం గుడి మెట్లన్నీ మోకాళ్ళతో ఎక్కుతుంది. పెళ్ళానికొస్తే ఆవిడే జబ్బు దాచిపెట్టి, మొగుడికి రెండో సంబంధం చూడడం మొదలుపెడుతుంది. మా అమ్మ కళ్ళు తుడుచుకుంటూ చూస్తుంది. నేను లేచి దొడ్లోకి పోతాను.

చట్టం కూడా చాలాకాలం ఆ దొడ్డిదారినే నడిచింది. 1955 నాటి హిందూ వివాహ చట్టం 13వ సెక్షనులో విడాకులు కోరడానికి ఒక కారణం - అవతలివారు మూడేళ్ళుగా తీవ్రమైన, నయంకాని కుష్ఠుతో బాధపడుతూ ఉండడం. 1976 సవరణలో ఆ మూడేళ్ళ గడువు కూడా తీసేశారు. చట్టం భార్యకూ భర్తకూ సమానమే, కాగితం మీద. 1970ల తొలినాళ్ళలో సుప్రీంకోర్టు దాకా పోయిన ఒక ప్రసిద్ధమైన కేసులో రోగి భార్య, విడాకులడిగినది భర్త. ఆమెకున్న లెప్రమటస్ రకం ఆ నిర్వచనంలోకి వస్తుందని న్యాయస్థానం భావించింది. అప్పటికి బహుళ ఔషధ చికిత్స లేదు కాబట్టి న్యాయమూర్తులను తప్పు పట్టలేం. కాని 1982 నుంచి మాత్రలు చేతిలో ఉన్నాయి. జబ్బు నయమవుతుందని ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడమీదా రాసి ఉంది. అదే ప్రభుత్వపు చట్టపుస్తకంలో మాత్రం 'నయంకాని కుష్ఠు' అన్న మాట మరో ముప్పై ఏళ్ళకు పైగా అలాగే ఉంది! 2015లో లా కమిషన్ తన 256వ నివేదికలో తీసివేయమన్నది. 2019లో పార్లమెంటు వైయక్తిక చట్టాల సవరణ చేసి, హిందూ వివాహ చట్టం, ప్రత్యేక వివాహ చట్టం, ముస్లిం వివాహాల రద్దు చట్టం, క్రైస్తవుల 1869 నాటి విడాకుల చట్టం, హిందువుల దత్తత-మనోవర్తి చట్టం - అయిదింటిలోనుంచీ కుష్ఠు అన్న కారణాన్ని కొట్టివేసింది. రోగులను నిర్బంధించడానికి 1898లో తెల్లవాళ్ళు చేసిన చట్టం కూడా 2016లోనే పోయింది.

ఇదంతా నేను పుస్తకాల కోసం చదవలేదు. ఎందుకు చదివానో చెబుతాను. ఊరి పేరు చెప్పను, వరస కూడా కాస్త మార్చి చెబుతాను, అర్థం చేసుకోగలరు.

నాకు వరసకు వదిన అయ్యే ఒకావిడ. పెళ్ళయి నాలుగేళ్ళు, ఒక పాప. మినప తీతలకు వెళ్ళినప్పుడు అరచేతిలో పుల్ల గుచ్చుకుని నెత్తురు కారుతుంటే పక్కావిడ చూసి చెప్పేదాకా ఆవిడకు తెలియలేదు. ఆ తరవాత పొయ్యిమీద గిన్నె వట్టి చేత్తో దించి చిటికెన వేలు కాలింది, అదీ తెలియలేదు. వీపుమీద, జబ్బమీద రాగిరంగు పొడలు అప్పటికే ఉన్నాయి. తామర అనుకుని మెడికల్ షాపు పూతమందు రాసుకుంటూ వచ్చింది. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త చూసి, కళ్ళు మూసుకోమని బాల్‌పెన్ను మొనతో పొడమీద తాకించింది. ఎక్కడ తాకానో వేలుపెట్టి చూపించమంది. ఆవిడ చూపించలేదు. బొల్లికీ దీనికీ అక్కడే తేడా. బొల్లి మచ్చ తెల్లగా ఉంటుంది గాని దానిమీద దూది తగిలినా తెలుస్తుంది.

ఆసుపత్రిలో నిర్ధారణ అయింది. మచ్చలు అయిదుకు మించి ఉన్నాయి కనుక పన్నెండు నెలల కోర్సు. ఆ వారంలోనే మా పెద్దమ్మ (ఆవిడ అత్తగారు) ఆవిణ్ణి పుట్టింటికి పంపేసింది. పాపను మాత్రం ఉంచుకుంది. తిట్టలేదు, కొట్టలేదు. చీరలు మడతపెట్టి సంచీలో సర్ది, కంచం గ్లాసు కూడా అందులోనే పెట్టి పంపింది. ఆ కంచం గ్లాసు సంగతే వదిన ఇప్పటికీ చెబుతుంది.

కాలేజీ నుంచి ఇంటికి వెళ్ళినప్పుడు మా నాన్న నన్ను పెదనాన్న దగ్గరకు పంపించాడు. "సైన్సు చదువుతున్నావుగా, వెళ్ళి చెప్పు" అన్నాడు. పెదనాన్న కల్లంలో ఉన్నాడు. నాటకమూ, తాతయ్య కాళ్ళు కడుక్కోవడమూ గుర్తుచేసి, ఆ పైన క్రిమి సంగతీ, మందుల సంగతీ అన్నీ చెప్పాను. సుడిదోమ ఉదాహరణ అప్పుడు తట్టిందే. ఆయన మధ్యలో ఒక్క మాట కూడా అనలేదు. అంతా విని, "ఏరా, పిల్లకి వస్తదా?" అని అడిగాడు. వంశపారంపర్యంగా రాదని చెప్పాను. ఇంట్లో కలిసి మెలిగినవాళ్ళను పరీక్ష చేయించి, రిఫాంపిసిన్ ఒక్క మోతాదు ముందుజాగ్రత్తగా ఇస్తారనీ, 2018 నుంచి ఆ పద్ధతి ఉందనీ, ఇంతకీ పాపతోపాటు మీరందరూ కూడా వెళ్ళాలనీ చెప్పాను. "మేమెందుకురా?" అన్నాడు. వదినకు ఎవరినుంచి సోకిందో ఎవరూ చెప్పలేరు, అయిదేళ్ళో పదేళ్ళో అయి ఉండవచ్చు, అది పుట్టింట్లో అయినా కావచ్చు, మీ ఇంట్లో అయినా కావచ్చు అన్నాను. అప్పుడాయన మొహం చూడాలి! రోగం కోడలు తెచ్చింది అనే మాట ఆ ఇంట్లో ఆ తరవాత వినపడలేదు. పరీక్షకు అందరూ వెళ్ళారు, పెద్దమ్మ తప్ప.

మా అన్నయ్య సంగతి. మాటకారి కాదు. వాళ్ళమ్మ కూడబెట్టిన పెద్దమనుషుల మధ్య విడాకుల మాట వస్తే తల వంచుకుని కూర్చున్నాడు. ఆ పెద్దమనుషుల్లో ఒకాయన, "ఈ జబ్బుకి కోర్టే ఇస్తది గదా" అన్నాడు. 2019 నుంచి ఆ కారణం చెల్లదని నేను చెబితే, "నీకేం తెలుసు, కుర్రాడివి" అన్నాడు. మా లెక్చరర్ గారి దగ్గర తెచ్చుకున్న సవరణ చట్టం కాపీ జేబులోంచి తీసి ఇచ్చాను. ఇంగ్లీషులో ఉంది. చేతులు మారి మారి చివరికి అన్నయ్య చేతికి వచ్చింది. చదివాడో లేదో తెలియదు, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

మందుల అట్ట ఒక్కొక్కటి 28 రోజులకు వస్తుంది. మొదటి రోజు మాత్రలు ఆరోగ్య కార్యకర్త ఎదురుగా మింగాలి. ఆ రోజు మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడనక్కరలేదు, అది రిఫాంపిసిన్ రంగు. క్లోఫాజిమిన్ వల్ల ఒళ్ళు నల్లబడుతుంది. కోర్సు అయ్యాక కొన్ని నెలలకు మామూలు రంగు వస్తుంది. వదినను ఎక్కువ బాధపెట్టింది ఈ నలుపే. జబ్బు దాచుకోవచ్చు, రంగు దాచుకోలేదు కదా! నాలుగో నెలలో మోచేతి నరం వాచి నొప్పి పుట్టి, చిటికెన వేలు వంగడం మొదలయింది. దీన్ని రియాక్షన్ అంటారు. ఒంట్లోని చచ్చిన క్రిముల మీద మన రక్షణశక్తి చేసే గొడవ ఇది. మందు పడలేదనుకుని చాలామంది ఇక్కడే మాత్రలు మానేస్తారు. మానకూడదు. వెంటనే వెళ్తే ప్రెడ్నిసొలోన్ ఇచ్చి నరాన్ని కాపాడతారు. ఆలస్యం చేస్తే వేలు వంకర శాశ్వతమవుతుంది. ఆ రోజు వదినను ఆసుపత్రికి బండిమీద తీసుకుపోయింది అన్నయ్యే. నాట్ల సీజను, ఇంట్లో చేను మీదకి వెళ్తున్నానని చెప్పి వెళ్ళాడు. ఆ తరవాత ప్రతి 28వ రోజూ వాళ్ళమ్మకు చెప్పకుండా, పాపను ముందు కూర్చోబెట్టుకుని వెళ్తున్నాడు.

మొన్న దసరా సెలవుల్లో వదినను చూశాను. వేలు దాదాపు తిన్నగా అయింది. పొయ్యి దగ్గర గుడ్డ పట్టుకుని గిన్నె దించడం, పొలానికి చెప్పులు వేసుకుని వెళ్ళడం, రాత్రి పడుకునే ముందు దీపం దగ్గర పాదాలు తిప్పి చూసుకోవడం అలవాటు చేసుకుంది. "అబ్బాయీ, ఆ నాటకంలో పెళ్ళాం ఏమయింది?" అని అడిగింది. మొగుడే ఇంకొకరికిచ్చి పెళ్ళి చేశాడని చెప్పాను. "ఆవిణ్ణి అడిగే చేశాడా?" అంది. నాటకంలో అది స్పష్టంగా లేదన్నాను. ఇంతలో బయట బండి చప్పుడయింది. ఆ రోజు ఇరవై ఎనిమిదో రోజు. తొమ్మిదో అట్ట అయిపోయింది, పదోది తెచ్చుకోవాలి.